తాటాకు కట్టమీది నల్లదారం

బట్టంబాంగ్, సంగ్‌కే ఏటి ఒడ్డు
1999 మే 4

చెల్లెలు ఫల్లీకి,

త్రిరత్నాల నీడ నిన్ను కాచుగాక. ఈ ఉత్తరంతో పాటు టాక్సీ రోన్ చేతికి ఎండు కొర్రమీను రెండు కట్టలు, నారింజ పళ్ళు ఒక సంచి ఇచ్చాను. పళ్ళు ఇరవై నాలుగు. పోయినసారి దారిలో టాక్సీ ఎక్కిన వాళ్ళందరికీ పంచిపెట్టి, "ఆచార్ గారి దానం నా చేతుల మీదుగా జరిగింది" అని నా ముఖం మీదే చెప్పాడు ఆ మహానుభావుడు.

వైశాఖ పున్నమినాడు విహారంలో రెండు గంటలు ప్రసంగించాను. గోడ అవతల ఎవడో కరావొకే పెట్టాడు. నేను ఆపానా? ఆపలేదు. గొంతు పెంచాను. చివరికి వాడే కట్టేసి, చొక్కా తొడుక్కుని వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ధర్మానికి మైకు అక్కర్లేదని ఆ రోజు మళ్ళీ రుజువైంది.

అసలు సంగతి ఇది. ఏటివైపున్న తెల్లబట్టల అవ్వ గుడిసె ఖాళీ అయింది. అవ్వ తొంభై ఏళ్ళు నిండుగా బతికి, జపమాల చేతిలో ఉండగానే వెళ్ళిపోయింది. ఆ గుడిసె నీకోసం ఉంచమని పెద్ద భిక్షువు గారిని అడిగాను. ఆయన సరేనన్నారు. పైకప్పుకు కొత్త ఆకు వేయించాను. నీకు అరవై ఒకటి. మోకాలు పాడయింది. ఇంకా ఎన్నాళ్ళమ్మా ఆ చేతులు తిప్పడం, ఆ కళ్ళు తిప్పడం? అష్టశీలంలో ఏడోది ఏమంటోంది? ఆటకూ పాటకూ వేడుక చూపులకూ దూరంగా ఉండమంటోంది. నువ్వేమో దాని నడిమధ్యన నిలబడి పసిపిల్లలకు నేర్పుతున్నావు. రాజకుమార్తెల వగలు ఇక చాలు. తల గొరిగించుకుని, తెల్లబట్ట కట్టుకుని, వచ్చి ఏటి గాలి పీల్చు.

వర్షావాసం మొదలయ్యేలోపు వస్తావని ఎదురుచూస్తాను.

నీ అన్న,
ఆచార్ సారిత్


ప్నోంపెన్
1999 మే 19

అన్నయ్యా,

నీ ఉత్తరం విప్పగానే నువ్వు అరుగు మీద కాలు దబదబా కొడుతున్న చప్పుడు వినిపించింది. ప్రసంగం చేసేటప్పుడు కొడతావు చూడు, అదే. పళ్ళు పదకొండు వచ్చాయి. మిగతావి ఏమయ్యాయని రోన్‌ను అడిగితే, దారిలో ఒక గర్భిణి ఎక్కింది, ఆమెకు లేదనమంటారా అన్నాడు. గర్భిణి పదమూడు పళ్ళు తిందా అంటే, కవలలేమో అన్నాడు.

ఇక్కడ వానలు ముందే మొదలయ్యాయి. మా ఆటసాలలో మూడుచోట్ల కురుస్తోంది. కురిసేచోట బకెట్లు పెట్టి, వాటి మధ్య పిల్లల్ని వరసల్లో నిలబెడుతున్నాను. కొత్తగా చేరిన పిల్ల ఒకత్తి ఏడేళ్ళది, వేళ్ళు వెనక్కి వంచుతుంటే ఏడవకుండా నన్నే చూస్తూ, "మీకు కూడా ఇలాగే చేశారా అవ్వా?" అంది. చేశారు అన్నాను. "అయితే మీరెందుకు పారిపోలేదు?" అంది. రెండో చెయ్యి పట్టమన్నాను.

గుడిసె సంగతి చదివి కళ్ళు తడయ్యాయి. వెక్కిరించడం లేదు. మోకాల్లో రెండోసారి నీరు తీశారు, మెట్లు దిగాలంటే కూర్చుని దిగుతున్నాను. రావాలనే ఉంది. కానీ రాలేను. నా మీద ఒక దొంగతనం ఉంది అన్నయ్యా. ఇరవై ఏళ్ళది. ఆగస్టులో ఒక గురువారం మా గురువందనం వస్తోంది. ఆ గురువారంలోగా అది ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు. తీర్చకుండా తెల్లబట్ట కట్టే ముఖం నాకు లేదు.

వివరంగా రాద్దామంటే రోన్ కింద హారన్ మోగిస్తూనే ఉన్నాడు. మళ్ళీ రాస్తాను.

ఫల్లీ


బట్టంబాంగ్
1999 జూన్ 6

ఫల్లీ,

దొంగతనమా? నా తోడబుట్టినదానా, ఆ మాట చదివిన రోజు నాకు మధ్యాహ్నం అన్నం దిగలేదు. అన్నం పన్నెండులోపే తినే మనిషిని, ఆ రోజు అదీ లేదు.

రెండో శీలం ఏమంటోంది? ఇవ్వనిదాన్ని తీసుకోకు అంటోంది. దొంగిలించకు అని ఊరుకోలేదు, చూశావా? ఎదుటివాడు తన చేత్తో ఇవ్వనిది, సూది అయినా సరే, ముట్టకు అంది. ఇరవై ఏళ్ళు దాచినా అది నీది కాదు, నూరేళ్ళు దాచినా కాదు. నాకు గుర్తుంది. నల్లబట్టల సైనికుల పాలన అయిపోయాక నువ్వు బియ్యం గోనెలో బంగారు పూత కిరీటం ఒకటి చుట్టుకుని తిరిగావు. అడిగితే, దొరికింది అన్నావు. అదేనా? అది ఎవరిదైతే వాళ్ళ చేతిలో పెట్టు. వాళ్ళు లేకపోతే వాళ్ళ పిల్లల చేతిలో పెట్టు. సిగ్గుపడకు. ఎంత దొంగైనా బుద్ధుడి పాదాల దగ్గర కత్తి దించాక మనిషే.

నీ బాధ గుండెలో పెట్టుకుని, నీ పేరెత్తకుండా, మొన్న శీల దినాన దీనిమీదే ప్రసంగించాను. ఏమైందో విను. సాయంత్రంలోగా ఒకడు మెట్ల మీద పార పెట్టి పోయాడు. ఒకామె బాతును తెచ్చి కట్టింది. ఇంకొకడు విహారం గంటే తెచ్చాడు, అది పోయిందని మాకే తెలియదు. బాతు ఎవరిదో ఇంకా తేలలేదు, నా మంచం కింద గుడ్లు పెడుతోంది. పరాయి బాతు గుడ్డు తినొచ్చా లేదా అని పెద్ద భిక్షువు గారిని అడగాలి.

చూశావా, ఊరు ఊరే కదిలింది. నువ్వు కదలలేవా?

నీ అన్న,
ఆచార్ సారిత్


ప్నోంపెన్
1999 జూన్ 24

అన్నయ్యా,

కిరీటం 1979లోనే మా ఆటబడికి ఇచ్చేశాను. కూలిన ఇంటి ఇటుకల్లో దొరికింది, ఇప్పుడు బీరువాలో ఉంది, తాళం చెవి కూడా నా దగ్గర లేదు. నీ చెల్లెలు నీకు కిరీటాల దొంగలా కనిపించినందుకు రెండు రోజులు నవ్వాను. మూడో రోజు కాస్త ఏడ్చాను. బాతు గుడ్లు తిను, నీ శీలానికేం కాదు.

నేను తీసుకున్నది వస్తువు కాదు. నీకు మా పద్ధతి తెలియదు, చెబుతాను.

ఆట వచ్చినంత మాత్రాన ఎవరూ గురువు కాలేరు. గురువారం పూట, మేము ఆటలో పెట్టుకునే మాస్కుల ముందు కొవ్వొత్తి వెలిగించి, మన గురువు తన చేత్తో మన మణికట్టుకు నూలు దారం కట్టి, "పో, నేర్పు" అనాలి. అప్పుడే నేర్పాలి. నాకది జరగలేదు. సోయెం గురువమ్మ నన్ను ఏడో ఏట తీసుకుంది. ముప్పై ఏళ్ళు నా వేళ్ళు వంచింది. "ఆట బాగుంది ఫల్లీ. నేర్పడానికి ఇంకా పొగరు తగ్గాలి. వచ్చే ఏడు చూద్దాం" అనేది ప్రతి ఏడూ. ఆ వచ్చే ఏడు రాలేదు. నల్లబట్టలవాళ్ళు వచ్చి ఊరు ఖాళీ చేయించారు. ఆమె నిన్ను ఉంచిన ఆనకట్ట కూలీల శిబిరంలోనే పోయిందని నువ్వే చెప్పావు. చివర్లో ఏమైనా అన్నదా అని నిన్ను అడిగాను. ఏమీ అనలేదు అన్నావు.

తిరిగొచ్చేసరికి యక్షుడి ఆట తెలిసినవాళ్ళలో నేను ఒక్కదాన్నే మిగిలాను. అవును, యక్షుడే. ఈ వయసుకి కూడా నీకు తెలియదు కదూ? రాజకుమార్తె వగలు అని రాశావు. నేను ఎప్పుడూ రాజకుమార్తెను కాలేదు. పొట్టిగా ఉన్నా తొడల్లో బలముందని గురువమ్మ నన్ను యక్షుల వరసలో నిలబెట్టింది. కోరల మాస్కు, చేతిలో గద, మోకాళ్ళు వెడల్పుగా వంచి నేల అదిరేట్టు అడుగు వెయ్యడం. నా మోకాలు ఊరికే పాడవలేదు.

పిల్లలు వచ్చి నేర్పమన్నారు. నేర్పాను. ఇవ్వనిదాన్ని తీసుకున్నాను. ప్రతి గురువారం కొవ్వొత్తి వెలిగించి, తప్పయింది గురువమ్మా అంటూనే ఉన్నాను. ఇప్పుడు మాలిస్ ఉంది. ఎనిమిదో ఏట వచ్చింది, ఇరవై మూడు నిండాయి, నాకంటే బాగా ఆడుతుంది. ఆగస్టు 26న దారం కట్టి ఆమెను గురువును చెయ్యాలి. నా చేతికే లేని దారం ఆమె చేతికి ఎలా కట్టను? బడివాళ్ళు రాజకుమార్తె ఆట నేర్పే గురువు చేత కట్టిద్దాం అంటున్నారు. ఆమె మంచిదే, కానీ ఆమెది మా వరస కాదు.

అందుకే ఆ రోజు పిల్లలందరి ముందూ నిజం చెప్పేసి, నేర్పడం మానేస్తాను. నాతోనే ఈ వరస ఆగిపోతుంది. అప్పుడు నీ గుడిసెకు వస్తాను. నువ్వు కోరుకున్నదే అవుతుంది.

ఒకటి అడగనా? కోపం తెచ్చుకోకు. నువ్వు ఒక్క వర్షావాసం కాషాయం కట్టి విడిచి, ఆచార్ అయినవాడివి. సగం కాలిన తాటాకు గ్రంథాల్లోంచి పాళీ భాష నీకు నువ్వే కూడబలుక్కున్నావు. ప్రసంగించమని నీకెవరు దారం కట్టారు?

ఫల్లీ


బట్టంబాంగ్
1999 జూలై 11

ఫల్లీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. ప్రసంగంలో ఒక్క మాటకూ తడుముకోని వాడిని.

నాకెవరూ కట్టలేదు. నేనే తీసుకున్నాను. కానీ నీకు కట్టారు.

ఆనకట్ట శిబిరంలో ముసలివాళ్ళ పాకకు గంజి మోసే పని నాది. ఒకరోజు సోయెం గురువమ్మ నా చెయ్యి పట్టుకుంది. గంజి కోసమనుకున్నాను. నా వేళ్ళు పట్టి వెనక్కి వంచింది. నొప్పికి అరవబోయి నోరు మూసుకున్నాను, అరిస్తే ఏమవుతుందో నీకు తెలుసు. ఆమె నవ్వింది. "కట్టెపుల్లలు. మీ ఇంట్లో వేళ్ళన్నీ దానికే పోయాయి" అంది. తన నల్ల చొక్కా అంచులోంచి ఒక పోగు లాగి నా మణికట్టుకు కట్టింది.

"ఇది నీది కాదు. ఫల్లీది. ఇంక వచ్చే ఏడు లేదని చెప్పు" అంది.

మూడు రోజులకు పోయింది.

ఆ దారాన్ని చొక్కా చేతి కింద దాచుకుని బయటపడ్డాను. 1979లో నిన్ను చూశాను. ఎండిన కొమ్మలా ఉన్నావు. చివర్లో ఏమన్నదని అడిగావు. అప్పటికే నా మనసులో నిన్ను విహారానికి తెచ్చుకోవాలని ఉంది. నా భార్య పోయింది, పిల్లలిద్దరు పోయారు, మిగిలింది నువ్వు. ఆటమనిషి ఇచ్చింది చేతికిస్తే మళ్ళీ ఆటలోకే పోతావనుకున్నాను. ఏమీ అనలేదు అని చెప్పాను. దాని అర్థం గురువు ఆజ్ఞ అని నాకు తెలియదు. బుద్ధుడి సాక్షిగా తెలియదు. కానీ అది నీదని తెలుసు. అది చాలదా?

నల్లబట్టలవాళ్ళు పందుల దొడ్డి చేసిన మన విహారంలో మొదటి తాటాకు కట్ట దొరికిన రోజున, దాన్ని చుట్టడానికి ఏమీ లేక ఆ దారంతోనే కట్టాను. ఇరవై ఏళ్ళుగా అది అక్కడే ఉంది. ప్రతి శీల దినాన ఆ ముడి విప్పి, జనానికి ధర్మం చెప్పి, మళ్ళీ ఆ ముడే వేశాను. రెండో శీలం మీద ప్రసంగించిన రోజున కూడా. ఊళ్ళో వాళ్ళు పార తెచ్చారు, బాతును తెచ్చారు. దొంగసొత్తు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, నేనే తేలేదు.

నువ్వు ఇవ్వనిదాన్ని తీసుకోలేదు చెల్లీ. నీకు ఇచ్చినదాన్ని నేను పట్టుకుని కూర్చున్నాను. పైగా అబద్ధం. రెండో శీలం, నాలుగో శీలం రెండూ పోయాయి.

దారాన్ని ఒక డబ్బాలో పెట్టి రోన్ చేత పంపనా? ఏమంటే అది చేస్తాను.

సారిత్


ప్నోంపెన్
1999 జూలై 25

అన్నయ్యకు,

ఆరు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. ఆరు రోజులూ పిల్లల మీద అరిచాను. వాళ్ళేం చేశారు పాపం. ఏడో రోజు బకెట్లో నీళ్ళు పారబోస్తుంటే, "మీ ఇంట్లో వేళ్ళన్నీ దానికే పోయాయి" అన్న మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. అది ఆమె మాటే. నువ్వు కల్పించలేవు. ముప్పై ఏళ్ళలో నన్ను ఒక్కసారి పొగిడింది, అదీ నీతో.

రోన్ చేతికి ఇవ్వకు. దారిలో ఏ గర్భిణి చేతికో కట్టేస్తాడు.

గురువమ్మ దాన్ని నీ మణికట్టుకు కట్టింది. అంటే నిన్ను తన చెయ్యిగా చేసుకుంది. ఆ చెయ్యే వచ్చి నాకు కట్టాలి. ఆగస్టు 26, గురువారం, పొద్దున ఏడింటికి. మాస్కుల ముందు. నువ్వు కట్టాక నేను మాలిస్‌కు కడతాను. ఆ తర్వాత ఆమె యక్షుడి ఆట ఆడాలి, ఆడితేనే అది పూర్తవుతుంది. నువ్వు అక్కడ ఉండాలి.

ఆ రోజు పున్నమి, నీ శీల దినం అని నాకు తెలుసు. నువ్వు అష్టశీలంలో ఉంటావని తెలుసు. రానంటే ఆ మాట నువ్వే రాయి. నేను మాత్రం వేరే తేదీ అడగను.

ఫల్లీ


బట్టంబాంగ్
1999 ఆగస్టు 8

చెల్లీ,

ఇరవై ఏళ్ళలో ఒక్క శీల దినం తప్పలేదు నేను. మలేరియాలో కూడా తప్పలేదు. పెద్ద భిక్షువు గారికి అంతా చెప్పుకున్నాను. ఆయనకు నా కొడుకు వయసుంటుంది. నా ముందు ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు. ఆ రోజు మాత్రం టీ గ్లాసు కింద పెట్టి, "ఆచార్ గారూ, పరాయి సొత్తు తిరిగివ్వడం ఆలస్యం చెయ్యమని ఏ శీలంలో ఉంది?" అన్నారు. ఆ రోజుకి శీలం తీసుకోవడం మానెయ్యండి, ఎవరూ ఏమీ అనుకోరు అని కూడా అన్నారు.

నేను అనుకుంటాను కదా. వస్తాను. శీలం తీసుకునే వస్తాను. దారం కట్టాక గోడవైపు తిరిగి కూర్చుంటాను. చెవులు ఎలాగూ ముయ్యలేను, కళ్ళు నా చేతిలో ఉన్నాయి. నన్ను ఎవరూ బలవంతపెట్టకూడదు.

బాతు సొంతదారు దొరికింది. గుడ్లు కూడా ఇమ్మంటోంది. పన్నెండు తిన్నానని ఒప్పుకున్నాను.

సారిత్


ప్నోంపెన్
1999 ఆగస్టు 30

అన్నయ్యా,

క్షేమంగా చేరావని రోన్ చెప్పాడు.  నీ ప్రసంగం లేకుండా బట్టంబాంగ్ వెళ్ళడం తన జన్మలో ఇదే మొదలట.

నీ వేళ్ళకు ముడి పడలేదు చూడు, మూడుసార్లు జారింది.  ఆ పోగు నల్లదనం పోయి బూడిదరంగుకు తిరిగింది, ఎక్కడ తెగుతుందోనని నేను చెయ్యి కదపలేదు. నువ్వు కట్టేసి లేవబోతే, మాట కూడా కావాలి అన్నయ్యా అని నేనే అన్నాను. అప్పుడు అన్నావు. "పో, నేర్పు" అని. అంత చిన్న గొంతుతో నువ్వు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఇరవై ఏళ్ళు నేర్పాక ఆ మాట వింటే ఎలా ఉంటుందో నీకు రాయలేను. మోకాలు నొప్పి కాసేపు తెలియలేదు, అంతవరకు చెప్పగలను.

మాలిస్‌కు తెల్లదారం కట్టాను. ఆమె నిన్న చిన్న పిల్లల వరస తీసుకుంది. ఆ ఏడేళ్ళది వేళ్ళు వంచుతుంటే, "మీకు కూడా ఇలాగే చేశారా?" అని ఆమెనూ అడిగింది. మాలిస్ నా వైపు చూపించింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నాకూ నాలుగో శీలం ఉంది కదా. గోడవైపు తిరిగి కూర్చుంటానన్నావు. చాప వేసి, ఇక్కడ కూర్చో అన్నయ్యా అని చోటు చూపించింది నేనే. నీ ఎదురుగా గోడకు వేలాడుతున్న పూల గుడ్డ వెనక అద్దం ఉంది. పిల్లలు అడుగు చూసుకోవడానికి పెట్టుకున్నది. మేళం మొదలవగానే ఆ గుడ్డ తీసెయ్యమని ఒక పిల్లకు ముందే చెప్పి ఉంచాను.

నువ్వు కళ్ళు మూసుకున్నావో లేదో నాకు తెలియదు. వెనకనుంచి నీ నున్నటి తల మాత్రమే కనిపించింది. అది కదల్లేదు.

ఫల్లీ


బట్టంబాంగ్
1999 సెప్టెంబరు 10

ఫల్లీ,

కళ్ళు మూసుకునే కూర్చున్నాను. గుడ్డ తీసిన చప్పుడు విన్నాను, పిల్లల కిచకిచలు విన్నాను, అయినా తెరవలేదు. అప్పుడు మాలిస్ అడుగు వేసింది. చాప కింద నేల అదిరి నా ఒంట్లోకి వచ్చింది. తెరిచాను.

అద్దంలో రాజకుమార్తె లేదు, వగలు లేవు. కోరల ముఖం పెట్టుకున్న ఒక యక్షుడు మోకాళ్ళు విప్పి, కిందకు దిగి, భూమి తన సొంతమన్నట్టు నిలబడ్డాడు. ఆ పక్కనే నువ్వు, లేవలేక గోడ పట్టుకుని, అరచేత్తో తొడ మీద ఆ అడుగులే వేస్తున్నావు. నీ నోరు గురువమ్మ నోటిలా బిగుసుకుని ఉంది. నా వేళ్ళు వంచినప్పటి నోరు అది. ఇన్నేళ్ళూ నేను అరుగు మీద కాలు కొట్టి జనాన్ని బెదిరిస్తున్నాను కదా, ఆ అడుగు పడ్డాక నేను కొట్టేది ఉత్త చప్పుడని తెలిసింది.

చివరిదాకా చూశాను. ఏడో శీలం తప్పింది. నిన్న శీల దినాన పెద్ద భిక్షువు గారి ముందు మోకరిల్లి ఒప్పుకుని మళ్ళీ తీసుకున్నాను. ఎంతసేపు చూశారు అన్నారు. మొత్తం అన్నాను. ఎలా ఉంది అన్నారు. అది అడగడం ఆయన పని కాదు, అయినా చెప్పాను.

ఏటి ఒడ్డు గుడిసెను తిమ్మిరి కాళ్ళ అవ్వ ఒకామెకు ఇచ్చేశాం. నీకు కావలసినప్పుడు ఇంకొకటి కట్టిస్తాను. తొందరేం లేదు.

ఒక ఇబ్బంది వచ్చింది. తాటాకు కట్టకు దారం లేదు. నిన్న దానికి అరటినార చుట్టి ప్రసంగానికి కూర్చున్నాను, మధ్యలో తెగి ఆకులన్నీ జారిపోయాయి. తడుముకుని అందినది అందుకుని చదివితే, దానం చేసినవాడి పుణ్యం దగ్గర మొదలైనవాడిని నరకంలోని ఇనుప ముళ్ళ చెట్టు దగ్గర తేలాను. జనం హడలిపోయారు. ఇక దానం ఎవరు చేస్తారు?

మీ ఆటబట్టలు పిల్లల ఒంటి మీదే కుడతారని రోన్ చెప్పాడు. ఆ కుట్టు దారంలో ఒక మూర మిగిలితే పంపు. తెల్లదైనా సరే, ఎర్రదైనా సరే. నీ చేత్తో తెంపి, నాకని చెప్పి ఇవ్వు.

రోన్ చేతికే ఇవ్వు. దారాన్ని దారిలో ఎవరికీ పంచలేడు.

యక్షుడి అన్న,
సారిత్